చేతి చలువ

మా వాడలో ఎవరికి జ్వరమొచ్చినా మా అమ్మమ్మకు కబురొచ్చేది. ఆవిడ మందూ మాకూ ఇచ్చే మనిషి కాదు. మంచం పక్కన కూర్చుని నుదుటి మీద చెయ్యి వేసేది, అంతే. కాసేపటికి జ్వరం మనిషి కళ్ళు మూసుకుని నిద్రలోకి జారుకునేది. "మీ అమ్మమ్మ చేతి చలువమ్మా అది" అనేవాళ్ళు నాతో. ఇంకొల్లు దగ్గర నల్లరేగడి పల్లె మాది. రోహిణీకార్తెలో నేల నెర్రెలిచ్చి, గోడలు కూడా సెగ కక్కే రోజుల్లో ఆవిడ చేతులు కొత్త కుండలో నీళ్ళలా ఉండేవి. పిల్లలం ఆ చేతుల కోసం పోటీ పడేవాళ్ళం.

పుష్యమాసంలో ఆ చేతులు ఎలా ఉండేవో మాత్రం ఎవరూ చెప్పుకునేవాళ్ళు కాదు. తెల్లవారుజామున పొయ్యి ముందు కూర్చుని అరికాళ్ళు నిప్పుకు చూపిస్తూ ఉండేది. వేళ్ళు సరిగా వంగేదాకా చల్లకవ్వం పట్టుకునేది కాదు. ఆమె గోళ్ళు పాలిపోయి, మధ్యలో గుంటపడి చిన్న గరిటెల్లా ఉండేవి. బియ్యం చేరుగుతూ గుప్పెడు పచ్చిబియ్యం నోట్లో వేసుకునేది. అదొక అలవాటనుకున్నాం. గోళ్ళు గుంటపడటం, బియ్యమో మట్టో బలపమో తినాలనిపించడం ఇనుము లోటుకు పాఠ్యపుస్తకాల్లో రాసి ఉన్న గుర్తులని ఆమె పోయిన చాలా ఏళ్ళకు చదివాను. అప్పటికి నా చేతులూ చల్లబడ్డాయి.

నా సంగతి రెండు మాటల్లో చెప్పి ముందుకు పోతాను. ముప్ఫై తొమ్మిదో ఏట, స్టాఫ్‌రూములో ఏసీ వేస్తే నా వేళ్ళు కొసల దగ్గర తెల్లబడి మొద్దుబారేవి. ఒక డాక్టరు "టెన్షన్ తగ్గించుకోండమ్మా" అన్నాడు. ఇంట్లోవాళ్ళు "వాతం" అన్నారు. పనిమనిషి మాత్రం నా చెయ్యి పట్టుకు చూసి, "మీకూ రక్తం లేదాండీ?" అంది. ఆ 'మీకూ'లోనే ఆమె కథంతా ఉంది. రెండేళ్ళ తర్వాత ఎవరో రక్తపరీక్ష రాస్తే హిమోగ్లోబిన్ 8 దగ్గర తేలింది, థైరాయిడ్ మందగించిందని తెలిసింది. మందులు మొదలుపెట్టిన కొన్ని నెలలకు మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, నీ చెయ్యి వెచ్చగా ఉందే!" అని ఆశ్చర్యపోయింది. నాకు అమ్మమ్మ గుర్తొచ్చింది. ఊరంతా మెచ్చుకున్న ఆ చలువ ఒక జబ్బేమోనన్న అనుమానం ఒక్కరికీ ఎందుకు రాలేదు? ఈ వ్యాసం ఆ ప్రశ్న వెంట పోవడమే.

మొదట మన మాటల దగ్గరే ఆగాలి. తెలుగులో చల్లదనం స్త్రీకి ఇచ్చే దీవెన. చల్లని తల్లి, కడుపు చలువ, చల్లగా ఉండమ్మా. అదే తెలుగులో కాళ్ళూ చేతులూ చల్లబడటమంటే భయం, లేదా చావు దగ్గరపడటం. దీవెనకూ చావుకూ మధ్య, రోజూ చల్లటి చేతులతో అంట్లు తోమి, పత్తి తీసి, పిల్లలకు అన్నం కలిపే మనిషికి ఒక మాట లేకుండా పోయింది. మాట లేని బాధను డాక్టరుకు చెప్పుకోవడం కష్టం. "ఒళ్ళంతా అదోలా ఉందండీ" అంటాం. ఆయన బలానికి టానిక్కు రాస్తాడు.

చేతులు చల్లబడటంలో శరీరం చేసే పని చాలా తెలివైనదే. ఉన్న రక్తాన్నీ వేడినీ ముందు గుండెకూ మెదడుకూ కాపాడుకుంటుంది. కొరత వచ్చినప్పుడు చర్మం కింది సన్నటి రక్తనాళాలను బిగించి, చేతివేళ్ళకూ కాలివేళ్ళకూ వెళ్ళేది తగ్గిస్తుంది. రక్తహీనతలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబినే తక్కువ గనక ఈ పొదుపు నిత్యకృత్యమవుతుంది. థైరాయిడ్ మందగిస్తే ఒంట్లో వేడి పుట్టడమే తగ్గుతుంది. ఇంట్లో అందరికీ పెట్టాక అడుగున మిగిలింది తినే మనిషి చేతివేళ్ళకు, ఆమె ఒంట్లో కూడా ఆఖరి పంక్తే దక్కుతుందన్నమాట. ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్ళలోనూ కొంత తేడా ఉంటుంది. 1998లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక అమెరికన్ పరిశీలనలో, ఆడవాళ్ళ శరీరపు లోపలి వేడి మగవాళ్ళకంటే కాస్త ఎక్కువే ఉన్నా, చేతులు మాత్రం సుమారు 3 డిగ్రీల ఫారెన్‌హీట్ చల్లగా ఉన్నాయి. కాబట్టి ప్రతి చల్లని చెయ్యీ జబ్బు కాదు. కానీ 'ఆడవాళ్ళకు మామూలేలే' అన్న ఆ సమాధానం వెనకే అసలు జబ్బులు దాక్కుంటాయి.

చల్లబడిన వేళ్ళకు వైద్యంలో ఒక చరిత్ర ఉంది. పారిస్‌లో మోరిస్ రేనో అనే యువ వైద్యుడు 1862లో తన పరిశోధనా పత్రంలో, చలికో ఉద్వేగానికో వేళ్ళు తెల్లబడి, నీలమై, తర్వాత ఎర్రబడే రోగుల గురించి రాశాడు. వాళ్ళలో ఎక్కువమంది స్త్రీలే. ఇప్పటికీ ఆ బాధ ఆయన పేరుతోనే ఉంది. చాలామందిలో అది ప్రమాదం లేనిదే. కొందరిలో మాత్రం లూపస్, స్క్లీరోడెర్మా వంటి జబ్బులకు అది ముందుగా కనిపించే గుర్తు. అవి కూడా ఎక్కువగా ఆడవాళ్ళకే వస్తాయి.

రేనో తర్వాత యాభై ఆరేళ్ళకు, 1918లో, ఆలిస్ హామిల్టన్ అనే వైద్యురాలు అమెరికాలో ఇండియానా రాష్ట్రపు సున్నపురాతి గనుల ఊరు బెడ్‌ఫర్డ్‌కు వెళ్ళింది. గాలితో నడిచే సుత్తులు పట్టుకునే రాతిపనివాళ్ళ వేళ్ళు చలి ఉదయాల్లో తెల్లబడి చచ్చుబడుతున్నాయని ఫిర్యాదులొచ్చాయి. ఆమె వాళ్ళ దగ్గర కూర్చుంది, వేళ్ళు చూసింది, పనిముట్టు చూసింది, ఆ సుత్తి అదురే కారణమని రాసింది. మరుసటి ఏడాది హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో తొలి మహిళా అధ్యాపకురాలైంది. చల్లబడిన చేతిని చూసి 'నువ్వు ఏం పని చేస్తావు?' అని అడిగిన ఆ తీరు నాకు చాలా ఇష్టం. ఆ ప్రశ్న మగకార్మికుల కోసం పుట్టింది. పత్తిచేలో, మిరపకల్లంలో, వంటింట్లో పనిచేసే చేతుల దగ్గరికి అది రావడానికి ఎంత కాలం పట్టిందో చూస్తే మన ప్రాంతపు కథ అర్థమవుతుంది.

మన పల్లెల గురించి రాతలు తక్కువేమీ లేవు. 1832-33 నందన కరువు గుంటూరు సీమను ఎంత ఖాళీ చేసిందో, ఎంత శిస్తు రాకుండా పోయిందో కుంఫిణీ కాగితాల్లో ఉంది. గుంటూరు అప్పట్లో కలిసి ఉన్న కృష్ణా జిల్లా గురించి గోర్డన్ మెకంజీ తయారుచేసిన మాన్యువల్ 1883లో అచ్చయింది. నేలలూ కాలవలూ పంటలూ పన్నులూ అందులో దొరుకుతాయి. సరిగ్గా ఆ 1883లోనే అన్నా సారా కుగ్లర్ అనే అమెరికన్ వైద్యురాలు లూథరన్ మిషన్ తరఫున గుంటూరులో దిగింది. మగ డాక్టరుకు చెయ్యి చూపించని ఇళ్ళలోకి ఆమె వెళ్ళింది. 1898 నాటికి గుంటూరులో స్త్రీలకూ పిల్లలకూ ఆసుపత్రి తెరిచింది. 1930లో చనిపోయేదాకా ఆ ఊరే ఆమె ఊరు. అదే ఏడాది అచ్చయిన మాన్యువల్ భూమికి నాడి పట్టుకుంటే, ఈమె ఆడవాళ్ళ నాడి పట్టుకుందనుకుంటాను. మతమార్పిడి, వలస పాలన అనే చిక్కుముడులు ఆ పనిలో లేవని కాదు. అయినా మన స్త్రీల శరీరాల గురించి అడిగిన మొదటి ఆధునిక ఆసుపత్రుల్లో అదొకటి.

కుగ్లర్ ఆసుపత్రి ప్రధానంగా ప్రసూతి కోసమే. గుంటూరులో 1906లో పుట్టి, డాక్టరై, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు వెళ్ళిన కొమర్రాజు అచ్చమాంబ తెలుగులో రాసిన పుస్తకం కూడా ప్రసూతి, శిశుపోషణల గురించే. తల్లులు పురుడు పోసుకుంటూ రాలిపోయే కాలంలో అది అత్యవసరం, దాన్ని తక్కువ చెయ్యను. కానీ స్త్రీ వైద్యం ఆ గుమ్మం దగ్గర మొదలై అక్కడే నిలబడిపోయింది.

రక్తహీనత చరిత్రలో మనకు బాగా దగ్గరి పేరు లూసీ విల్స్. 1928లో ఆమె బొంబాయికి వచ్చింది, బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణుల రక్తం ఎందుకు పలచబడుతోందో తెలుసుకోవడానికి. క్రిములేవీ దొరకలేదు. వాళ్ళు తినే తిండి చూసింది, పేదరికాన్ని బట్టి జబ్బు ముదరడం చూసింది. 1931లో మద్రాసు గోషా ఆసుపత్రిలోనూ, కూనూరు ప్రయోగశాలలోనూ పనిచేసింది. గుంటూరు కూడా అప్పుడు ఆ మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఈస్టు నుంచి తీసిన చవకరకం మార్మైట్ ఇస్తే ఆ స్త్రీలు కోలుకుంటున్నారని 1931లో ప్రకటించింది. అందులో ఉన్నదేమిటో తర్వాత తేలింది, అదే ఫోలిక్ ఆమ్లం. ఇవాళ గర్భిణులకు పంచే మాత్రలో ఇనుము పక్కన ఉండేది అదే. పత్తి నేసే చేతుల రక్తం నుంచి వచ్చిన విజ్ఞానం అది. ఆ కూనూరు ప్రయోగశాలే 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది.

థైరాయిడ్ కథలోనూ మొదట కనిపించేది స్త్రీలే. లండన్‌లో విలియం గల్ 1873లో, నడివయసు ఆడవాళ్ళు మందగించి, ముఖం ఉబ్బి, మనసు మొద్దుబారే ఒక స్థితి గురించి రాశాడు. 1891లో జార్జ్ మరే అనే డాక్టరు 46 ఏళ్ళ ఒక స్త్రీకి గొర్రె థైరాయిడ్ రసాన్ని సూదిమందుగా ఇచ్చాడు. ఆమె మరో 28 ఏళ్ళు బతికింది. అంటే మందు దొరికి 130 ఏళ్ళు దాటింది. మన దేశంలో హైదరాబాదుతో సహా 8 నగరాల్లో చేసి 2013లో వెలువరించిన అధ్యయనంలో, పెద్దవాళ్ళలో దాదాపు 11 శాతం మందికి థైరాయిడ్ మందగించిందని తేలింది. వాళ్ళలో మగవాళ్ళకంటే ఆడవాళ్ళు చాలా ఎక్కువ. చలి ఓర్చుకోలేకపోవడం, నీరసం, ముట్టు రక్తం ఎక్కువ పోవడం దీని లక్షణాలు. మనింట్లో వీటికి బద్ధకం, వయసు, దిగులు అని పేర్లు.

ప్రకాశం వైపు ఇంకో కథ ఉంది. అప్పటి నెల్లూరు జిల్లాలో ఉండి, తర్వాత ప్రకాశంలో చేరిన పొదిలి, దర్శి ప్రాంతాల నుంచి 1937లో మద్రాసు వైద్యులు ఫ్లోరోసిస్ గురించి రాశారు. దేశంలోనే అది మొదటి నివేదికగా చెబుతారు. బావినీళ్ళలోని ఫ్లోరైడ్ పళ్ళనూ ఎముకలనూ వంచుతుంది. ముదిరితే వెన్నుపాము నలిగి కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కి పట్టు తప్పుతాయి. ఆ నీళ్ళు తాగేది అందరూ, మైళ్ళ దూరం నుంచి మంచినీళ్ళు మోసేది ఆడవాళ్ళు. తిమ్మిరి ఒకటి, చల్లబడటం ఒకటి. కానీ 'కాళ్ళు లాగుతున్నాయి, మొద్దుబారుతున్నాయి' అని ఆమె చెప్పినప్పుడు, ఏ ఊరి నీళ్ళు తాగుతుందో కూడా అడగాలని ఆ చరిత్ర గుర్తుచేస్తుంది.

ప్రకాశం జిల్లా ఏర్పడిన 1970లోనే కేంద్ర ప్రభుత్వం పోషకాహార లోపం వల్ల వచ్చే రక్తహీనతను నివారించే కార్యక్రమం మొదలుపెట్టింది. గర్భిణులకూ బాలింతలకూ చిన్నపిల్లలకూ ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలు. యాభై ఏళ్ళ తర్వాత ఎక్కడున్నాం? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మొదటిసారి ఆడవాళ్ళ హిమోగ్లోబిన్ కొలిచింది 1998-99లో. అప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రక్తహీనత ఉన్న స్త్రీలు దాదాపు 50 శాతం. 2005-06లో 63 శాతం. రాష్ట్రం విడిపోయాక, 2015-16లో 60 శాతం. 2019-21లో 58.8 శాతం. ఆ చివరి సర్వేలోనే దేశం మొత్తం మీద ఆడవాళ్ళు 57 శాతమైతే, మగవాళ్ళు 25 శాతం. ఒకే ఇంటి పొయ్యి మీద వండిన అన్నం తిన్నవాళ్ళ మధ్య ఇంత తేడా. కొంత నెలనెలా పోయే రక్తానిదీ కాన్పులదీ. మిగతాది వడ్డన వరసది.

ఇంకొక మాట ఆ సర్వే పట్టికల అంచున ఉంది. హిమోగ్లోబిన్ కొలిచింది 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలకే. యాభయ్యో ఏట మా అమ్మమ్మ లెక్కలోనుంచి తప్పుకుంటుంది. కనే వయసు దాటిన చేతులు చల్లగా ఉన్నాయో వెచ్చగా ఉన్నాయో పట్టిక అడగదు.

తిండి కూడా మారింది. మెట్టపొలాల్లో జొన్న, సజ్జ, వరిగ తిన్న ఊళ్ళివి. 1967లో నాగార్జునసాగర్ ప్రారంభమయ్యాక కాలవ వెంట వరీ పత్తీ మిరపా పరుచుకున్నాయి. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. ఆకలి తీర్చిన ఆ పథకాన్ని ఆడవాళ్ళు మరిచిపోలేదు, మరిచిపోకూడదు. కానీ మరపట్టిన తెల్లబియ్యంలో జొన్నలో ఉన్నంత ఇనుము లేదు. దానికితోడు అన్నం తిన్న వెంటనే తాగే టీ, ఉన్న కాస్త ఇనుమునూ ఒంటికి పట్టనివ్వదు.

ఇక అసలు బాధ పెట్టే విషయం. 2015-16 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ స్త్రీలలో దాదాపు 9 శాతం మందికి గర్భసంచి తీసేశారు. దేశంలో అదే అత్యధికం, దేశపు సగటు 3 శాతం చిల్లర. ఎక్కువ రక్తస్రావమే ఆ ఆపరేషన్లకు తరచుగా చెప్పే కారణం. రక్తం ఎక్కువ పోతే ఇనుము తగ్గుతుంది, చేతులు చల్లబడతాయి. ఆ రక్తస్రావం వెనక కొన్నిసార్లు ఉండేది మందగించిన థైరాయిడ్. చిన్న రక్తపరీక్షతో తెలిసేది, రోజూ పరగడుపున ఒక మాత్రతో అదుపయ్యేది. ముప్ఫై ఏళ్ళకే 'సంచి తీయించుకున్నా' అని మామూలుగా చెప్పే పత్తి కూలీని నేను మా ఊళ్ళోనే ఒకరికంటే ఎక్కువమందిని చూశాను. వాళ్ళలో ఎందరికి ముందుగా ఆ పరీక్ష చేశారు? ఆపరేషన్ అయ్యాక కూడా చేతులు చల్లగానే ఉన్నాయని చెప్పినప్పుడు ఎవరు విన్నారు?

మన పంటలను మాత్రం మనం చాలా శ్రద్ధగా కొలుస్తాం. గుంటూరు యార్డుకు రోజూ ఎన్ని టిక్కీలు వచ్చాయో, తేజకెంత, 334కెంత పలికిందో పేపర్లో వస్తుంది. కాయలో తేమ చూస్తారు, రంగు చూస్తారు. మిరప ఘాటుకు 1912లోనే విల్బర్ స్కోవిల్ కొలమానం కనిపెట్టాడు. 1997లో డేవిడ్ జూలియస్ బృందం మిరప మంట నరాల్లో ఏ ద్వారం గుండా తెలుస్తుందో కనిపెట్టింది. నిజమైన వేడిని పసిగట్టేదీ అదే ద్వారం. అందుకే కారం తగిలిన చెయ్యి కాలకుండానే కాలినట్టుంటుంది. 2021లో ఆ పరిశోధనకు నోబెల్ వచ్చింది. కోల్డ్ స్టోరేజీల పక్కన షెడ్లలో కూర్చుని కిలోల లెక్కన ముచ్చికలు తీసే ఆడవాళ్ళకు ఆ మంట ముందే తెలుసు. సాయంత్రం మజ్జిగలో చేతులు ముంచినా రాత్రంతా నిద్ర ఉండదు. పసిబిడ్డను ముట్టుకోవాలంటే భయం. అదే చేతులు పుష్యమాసపు తెల్లవారుజామున, మంచు దిగిన పత్తిచేలో కొయ్యబారిపోతాయి. మంట గురించి ఎవరో అడిగారు, బహుమతి కూడా ఇచ్చారు. చలి గురించి అడగాల్సింది మిగిలే ఉంది.

1991లో హైదరాబాదు స్త్రీల బృందం 'సవాలక్ష సందేహాలు' పుస్తకం తెచ్చినప్పుడు మనలో చాలామందికి మొదటిసారి మన శరీరం గురించి మన భాషలో చదువుకునే అవకాశం వచ్చింది. ఆ పని ఆగకూడదు. చేతులూ కాళ్ళూ ఎప్పుడూ చల్లగా ఉంటే అడగాల్సినవి కొన్నే. హిమోగ్లోబిన్ ఎంత? 12 కంటే తక్కువైతే ఎందుకు తక్కువ? ఇనుమా, ఫోలిక్ ఆమ్లమా, బి12 విటమినా, కడుపులో కొంకిపురుగులా, ముట్టులో పోయే రక్తమా? థైరాయిడ్ చూశారా? వేళ్ళు తెల్లగా, నీలంగా రంగులు మారుతున్నాయా? కీళ్ళ నొప్పులూ చర్మం బిగుసుకోవడమూ ఉన్నాయా? పుండ్లు పడుతున్నాయా? షుగరు ఉందా? బీపీకో గుండెదడకో వాడే ప్రొప్రనలాల్ వంటి మందు వల్ల వచ్చిందా? ఒక్క చెయ్యో ఒక్క కాలో హఠాత్తుగా చల్లబడి నొప్పి పుడితే ఇవేవీ ఆలోచించకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఇవన్నీ అడిగాక ఏమీ తేలకపోతే, అప్పుడు నిశ్చింతగా మేజోళ్ళు వేసుకోవచ్చు.

ఈ ప్రశ్నలను మనం మన కోసం అడగడం తేలికే, ల్యాబు రెండు వీధుల అవతల ఉంటుంది. మా ఇంట్లో అంట్లు తోమే ఆమెకు, ఆరోజు నా రోగం నాకంటే ముందు కనిపెట్టిన ఆమెకు, నా రిపోర్టు వచ్చాక గాని పరీక్ష చేయించాలని నాకు తోచలేదు. అది రాయకుండా ఈ వ్యాసం ముగించలేను. ఆమె హిమోగ్లోబిన్ నాకంటే తక్కువ ఉంది.

అమ్మమ్మ చివరి రోజుల్లో వాడలో ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఆమె చేతులను తమ చేతుల్లోకి తీసుకుని రుద్దుతూ కూర్చున్నారు. "చల్లబడుతున్నాయి" అన్నారు. ఆ చేతులు నలభై ఏళ్ళుగా అలాగే ఉన్నాయి.